మణికట్టు మీది బురద

“అండ్ల రీలున్నదా బిడ్డా?”

మునగాల దాటాక రహదారి పక్కనున్న ధాబాలో చాయ్ తాగుతున్న శ్రీనాథ్ తలెత్తాడు. గిన్నెలు తోమే ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అతని మెడలోని పాత కెమెరా వంకే చూస్తోంది.

“రీల్సా? డ్యాన్సు గూడ చేస్తవా ఏంది బుచ్చమ్మా?” గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ధాబా యజమాని జవహర్ నవ్వాడు.

“నువ్వు ఊకో. గా రీల్సు గాదు, ఎనుకటి రీలు.” ఆమె శ్రీనాథ్ వైపు తిరిగింది. “నాది ఒక్క ఫోటో తియ్యి సారూ. నేను పోయినంక గోడకు పెట్టనీకి.”

“ఫోన్ల తీయించుకోరాదమ్మా?”

“ఫోన్ల దిగింది ఫోన్‌తోనే పోతది. నాకు కాయిదం మీద గావాలె.”

శ్రీనాథ్ కెమెరా నెత్తిన ఉన్న అంకె చూసుకున్నాడు. రీలులో ఇంకొక్క ఫోటోకే చోటుంది. ఆ ఒక్కటీ మరొకరి కోసం దాచినది.

సూర్యాపేటలో అతని తండ్రి నడిపిన స్టూడియోకు పేరు తెచ్చింది ఒకే ఒక చిత్రం. నాటు వేస్తూ తలెత్తిన ఒక పడుచు, నుదుటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్విన నవ్వు. ఆ మణికట్టు మీద నల్లని బురద మరక. ఆ మరకే చిత్రానికి ప్రాణమనీ, శ్రమకు దిద్దిన తిలకమనీ బహుమతి ఇచ్చిన పెద్దలు కొనియాడారు.

ఆనాడు ముసురు పట్టి ఉండటంతో, మసక వెలుతురులోనూ పనికొచ్చే వేగమైన ఫిల్మ్ వాడాడు తండ్రి. దాని మీద బొమ్మ కట్టే రేణువు ముతక. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ మరక ఇసుక చల్లినట్టు చెదిరిపోతుంది. ఫోటో తెచ్చి ఇస్తానని ఆ పిల్లకు మాట ఇచ్చి, పేరు అడగడం మరిచి, చివరి రోజుల్లో దానికే కుమిలిపోయాడు.

“ఆ పిల్లను ఎతికి ఇయ్యి కొడుకా. మాట దప్పి పోతున్న.”

ఆమె పేరు పార్వతమ్మ అనీ, కోదాడలో ఉన్నదనీ ఇన్నాళ్లకు ఎవరో ఆచూకీ చెప్పారు. తండ్రి కెమెరాలోనే శ్రీనాథ్ ఈసారి నెమ్మదైన, సన్నని రేణువు గల నలుపు తెలుపు ఫిల్మ్ ఏరికోరి ఎక్కించాడు. ముఖం మీది ప్రతి గీతా అక్షరంలా చదవగలిగేటట్టు రావాలని అతని కోరిక. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర చెయ్యి సాధన చేసుకుని, చివరిది ఆమెకని మిగిల్చాడు. ఇవ్వవలసిన ఫోటో భుజాన వేలాడే సంచిలోనే ఉంది.

“ఎనుకట పెండ్లిళ్లల్ల మా అసోంటోళ్లకు రీలు ఖర్చు గాకుంట ఉత్త ఫ్లాషే కొడుతుండిరి,” అంది బుచ్చమ్మ. “నువ్వట్ల చెయ్యవు గదా?”

“చెయ్యనమ్మా. నిలబడు.”

ఆమె జుట్టు సవరించుకుని, కొంగు భుజం నిండా కప్పుకుంది. “చెయ్యి గూడ పడాలె బిడ్డా. దీని మీద మా నాయిన పేరున్నది.”

“పడ్తది.”

శ్రీనాథ్ ఫ్లాష్ వెనుకనున్న మీట నొక్కాడు. వెలుగు మెరిసింది. షటర్ మాత్రం పడలేదు. రీలు ఖర్చు కానప్పుడు ఫోకస్ ఎందుకని, కెమెరాలోంచి అతడు ఆమె ముఖం చూడనైనా లేదు. వెలుగు ఇచ్చాడు, చూపు ఇవ్వలేదు.

“మంచిగొచ్చిందా?”

“బ్రహ్మాండంగ వచ్చింది.”

“ఎప్పుడిస్తవు?”

“కడిగినంక. సూర్యాపేట పాత బస్టాండు ఎనుకనే మా స్టూడియో. ఎవరినడిగినా చెప్తరు.”

“జవహరూ, సారు చాయ్ నాది,” అంది బుచ్చమ్మ, మళ్లీ గిన్నెల దగ్గర కూర్చుంటూ.

కోదాడలో పార్వతమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

“నేనే అయ్యుంటాను బాబూ. వేసిన నాట్లన్నీ ఎక్కడ గుర్తుంటాయి?”

శ్రీనాథ్ ‘నేనే’ వరకే విన్నాడు. ఆమె మణికట్టు శుభ్రంగా ఉంది. బురద కదా, ఏనాడో కడుక్కుని ఉంటుంది. తండ్రి తీసిన ఫోటో ప్రతిని రెండు చేతులా ఆమెకు సమర్పించి, రీలులో మిగిల్చిన ఆ ఒక్క ఫోటో ఆమెది తీసి ఇంటికి వచ్చాడు. తండ్రి పటం ముందు దీపం వెలిగించాడు.

పత్తి తీతలు మొదలయ్యే నాటికి స్టూడియో గడపలో ఒక యువతి నిలబడింది.

“నేను దీపను సార్. అనంతగిరి నుంచి వచ్చిన. మునగాల ధాబల గిన్నెలు తోమే బుచ్చమ్మ మా అమ్మ. పోయింది సార్. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. మీరు తీసిన ఫోటోనే పెట్టాలని చెప్పి పోయింది.”

శ్రీనాథ్ బల్ల మీది కెమెరాను పక్కకు జరిపాడు. “ఆ రీలు వెలుతురు తగిలి పాడైందమ్మా.”

దీప గడప దాటి లోపలికి వచ్చింది.

“వాడకట్టంత చెప్పుకున్నది సార్. గీసారి ఉత్త ఫ్లాష్ గాదు, నిజంగనే తీసిండని.”

అతడు తల దించుకున్నాడు. ఆమె చూపు గోడ మీదికి పోయింది. అక్కడ రెండు పటాలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి నవ్వుతున్న పడుచుది. మరొకటి పార్వతమ్మది.

“వీళ్లెవరు సార్?”

మాట మారినందుకు శ్రీనాథ్ ప్రాణం కుదుటపడింది. “ఇద్దరు గాదు, ఒక్కామెనే. అప్పుడు, ఇప్పుడు. పాతది మా నాయిన తీసిండు. చేతి మీద గా బురద మరక చూసినవా? దానికే బహుమతి వచ్చింది.”

దీప దగ్గరికి నడిచింది. నవ్వుతున్న ముఖం మీద వేలు ఆనించి, అక్కడి నుంచి మణికట్టు దాకా మెల్లగా జార్చింది.

“బురద గాదు సార్,” అంది, “పచ్చబొట్టు, మత్తయ్య అని, మా తాత పేరు.”