పాత ఫోల్డర్

"సార్, జర ఆగుండ్రి. పాత ఫోల్డర్ తీసేసే ముందు లోపల ఫోటోలున్నయేమో చూడుండ్రి."

విజయేందర్ తల తిప్పాడు. అరవై దాటిన మనిషి, భుజాన అమీర్‌పేట మైత్రీవనం కోచింగ్ సెంటర్ సంచి. పంజగుట్టలోని తమ ఆఫీసులోకి ఈయన్ని ఎవరు రానిచ్చారో!

"ఎవరు మీరు?"

"రాజనర్సయ్య. తప్పిపోయిన పిల్లల సైటు ఇయ్యాల మారుస్తున్నమని మీరే సైట్ల రాసిండ్రు గద. నేను సుత సర్వర్ కోర్సు నేర్సుకుంటున్న."

"ఈ వయసుల కోర్సా! ఉద్యోగం కావాల్నా తాతా?"

"కాదు సార్. ఫోటోలు ఏరే జాగల ఉండాలె. కోడ్‌తోని కలిసి ఉంటే..."

టీమంతా కిసుక్కున నవ్వింది. విజయేందర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఎనిమిదేళ్ల అనుభవం తనది. నిన్నగాక మొన్న ఓనమాలు దిద్దినాయన తనకు చెప్పొచ్చాడు!

"ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన నుంచి సీదా ఇటే వచ్చినవా? పో తాతా, పని చేసుకోనియ్."

రాజనర్సయ్య దండం పెట్టి మెట్లు దిగాడు.

పొగరు తలకెక్కితే చెవులు పనిచెయ్యవు కదా! కొత్త వెర్షన్‌ను కొత్త ఫోల్డర్‌లో పెట్టి, పాతదాన్ని చెత్త ఊడ్చినట్టు ఊడ్చేశాడు విజయేందర్. సైటు టక్కున తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

పది నిమిషాలకు పక్క సీట్లోంచి మానస కేక పెట్టింది.

"అన్నా! పేర్లున్నయి, ఊర్లున్నయి. ఒక్కరి మొఖం సుత లేదు!"

నాలుగు వందల ఫోటోలు. కన్నవాళ్లు పంపినవన్నీ ఆ పాత ఫోల్డర్‌లోనే ఉండేవి. బ్యాకప్ కూడా అందులోనే.

ముసలాయన కాపీ తీసి దాచి ఉంటాడన్న ఒక్క ఆశతో విజయేందర్ అమీర్‌పేటకు పరుగెత్తాడు.

కోచింగ్ సెంటర్ గుమ్మంలో పాఠం చెప్పే ప్రేమ్ సాగర్ ఎదురయ్యాడు.

"రాజనర్సయ్య దగ్గర ఫోటోల కాపీ ఉన్నదా అన్నా?"

"కాపీ ఏడిది? వచ్చినప్పటి నుంచి ఫోన్ల మీ సైటే మళ్లమళ్ల తెరిచి చూస్తుండు."

"మరి ఈ కోర్సు ఎందుకు నేర్చుకుంటుండు?"

ప్రేమ్ సాగర్ గొంతు తగ్గించాడు.

"పోయిన వానలకు ఇల్లు మునిగి అన్నీ నాశనమైనయి. తప్పిపోయిన ఆయన బిడ్డది లోకంల ఒక్క ఫోటోనే మిగిలింది, అది మీ సైట్లనే. దానికి కావలి ఉండనీకే ఈ వయసుల కోర్సుల చేరిండన్నా."