పక్క నుంచి నెట్టే చెయ్యి

"మళ్ళీ ఊడిందా?" అన్నాను. పొద్దున్నుంచి బేరింగులు అమ్మీ అమ్మీ నడుం పట్టేసింది. విసుగు దాచుకునే ఓపిక కూడా లేదు.

ఆ కుర్రాడు డ్యూటీ దిగి నేరుగా నా కొట్టుకి వచ్చినట్టున్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి. రాడ్ ఎండ్, అంటే రాడ్ చివర ఉండే ఉంగరం లాంటి కీలు, తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఉంగరానికి ఏమీ కాలేదు. అందులో ఉండాల్సిన గుండు మాత్రం పక్కకి ఊడొచ్చింది.

"ఇంకాస్త పెద్ద సైజు ఇవ్వన్నా. నాన్న మంచం తలవైపు లేపే రాడ్‌కి."

"ఎంత పెద్దదిచ్చినా ఇంతే. రాడ్ పొడవు వెంట లాగితే ఇది ఏనుగునైనా మోస్తుంది. పక్క నుంచి నెడితే గుండు జారిపోతుంది. ఎవరో నెడుతున్నారు."

"ఎవరు నెడతారన్నా? నేను హ్యాండిల్ తిప్పుతాను, ఆయన పడుకునుంటారు. అంతే!"

"ఈసారి తిప్పేటప్పుడు రాడ్ వైపు చూడు" అని పాత సైజుదే ఇంకోటి ఇచ్చాను.

మర్నాడు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాన్నేనన్నా. పక్షవాతం వచ్చాక పనిచేసే ఆ ఒక్క చేతినీ మంచం పక్కకి జార్చి, రాడ్‌ని నెడుతున్నారు. ఇదేంటి నాన్నా అంటే, 'పొద్దంతా కష్టపడి వస్తావు, నేనూ ఓ చెయ్యి వేద్దామనిరా' అన్నారు."

"హమ్మయ్య, తెలిసిందిగా! నెట్టొద్దని చెప్పు. పాత సైజే సరిపోతుంది."

అతను ఊడిన గుండుని కౌంటర్ మీద నా వైపు జరిపాడు.

"చెప్పలేనన్నా. పక్క నుంచి నెట్టినా తట్టుకునేది ఇవ్వు."