కయల్ అక్క సంతకం

చెన్నైలో ఐదు ఆసుపత్రులు క్లౌడ్‌లో కలిసి రాసుకునే రక్తదాతల జాబితాను ఎవరైనా తారుమారు చేశారేమోనని రాత్రిపూట సరిచూసేది నేనే. మా సర్వర్ గది చలికి పెంగ్విన్ కూడా రాజీనామా ఇస్తుంది.

ఆ రాత్రి ఒక బాలింతకు అత్యవసరంగా వేలల్లో ఒకరికుండే బాంబే గ్రూపు రక్తం కావలసి వచ్చింది. జాబితాలో ఉన్నది ఒక్క దాత. ఆమె ఫోన్ నెంబరు మారింది. మార్చినవాళ్ల డిజిటల్ సంతకం: నాకు ముందు ఈ డ్యూటీ చేసిన కయల్విళి, రెండు నిమిషాల క్రితం.

మా సూపర్‌వైజర్ ఇళమారన్ అన్నకు ఫోన్ చేశాను.

"కయల్ అక్క పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందన్నా?"

"నెల కిందట అక్కతోనే పోయింది కదరా! నా నిద్ర చెడగొట్టడానికి నీకు చచ్చినవాళ్లే దొరికారా?"

మళ్లీ సరిచూశాను. సంతకం అసలైనదే. పాత నెంబరు పనిచేయడం లేదు. కొత్తదానికి చేశాను.

"వచ్చేస్తున్నా తంబీ, ఆటోలో ఉన్నా," అంది దాత. "ఇందాక రమ్మని ఫోన్ చేసిన అక్క ఇంకా లైన్లోనే ఉంది. ఉండు, కలుపుతా."