ఎర

"ఎవరికి చెప్పారక్కా?" వంటింటి తలుపు దగ్గరగా వేసి అడిగింది టైలరమ్మ.

ప్రార్థనకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఇంటావిడ నర్సక్క ఒక్కతే టీ కప్పులు కడుగుతోంది.

"ఏ సంగతి?"

"పోయిన వారం మీకు చెప్పానే, మా ఆయనకి ఇంకో సంసారం ఉందని."

"ఎవరికీ చెప్పలేదు."

టైలరమ్మకి నమ్మకం కుదరలేదు. పాత చర్చిలో తను పాస్టరమ్మ చెవిన వేసిన బాధ, ఆ ఆదివారమే మైకులో వినిపించింది, "విశ్వాసం తగ్గితే ఇంతే" అని. అందుకే ఇక్కడ ముందుగా ఎర వేసింది. ఇవాళ ప్రార్థన సాగినంతసేపూ కొలతలు తీస్తున్నట్టు అందరి మొహాలూ చూసింది. ఒక్కరి కళ్ళలోనూ జాలి లేదు. మరీ ఇంత బాగా దాచగలరా అని అనుమానం ఇంకా పెరిగింది.

"కనీసం నాకోసం ప్రార్థన చెయ్యమనైనా ఎవరితోనూ అనలేదా?"

"అబద్ధానికి ప్రార్థనెందుకు?"

టైలరమ్మ గతుక్కుమంది. "మీకెలా తెలుసు?"

"మొదట్లో నేనూ ఒకావిడకి మా అన్నయ్య జైల్లో ఉన్నాడని చెప్పాను. నాకసలు అన్నయ్యే లేడు." నర్సక్క కప్పు బోర్లించింది. "ఇక్కడ చేరినవాళ్ళమంతా మూతి కాలిన పిల్లులమే. పాలు చూసినా పారిపోతాం."

"మరి నిజం చెప్పమంటారా?"

"ఇప్పటికి ఆ కప్పులు తుడువు, చాలు."

టైలరమ్మ గుడ్డ తీసుకుంది. ఒక కప్పు తుడిచి పెట్టింది. రెండోదాన్ని తుడిచినచోటే తుడుస్తూ ఉండిపోయింది.

"పేరు పెట్టకముందే పోయిందక్కా, మా పాప."

నర్సక్క కుళాయి కట్టేసింది.