జాగ్రత్త, నేల తడిగా ఉంది

సూపర్‌మార్కెట్లో భర్త పిలిస్తే సబ్బుల వరుసలోకి మలుపు తిరిగింది సర్వేయరమ్మ. అంతే, కాలు సర్రున జారింది. కుడి మోకాలు నేలకు కొట్టుకున్న చప్పుడు బిల్లు కౌంటర్ దాకా వినిపించింది.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది భర్తే. "కదలకు, కదలకు" అంటూ ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు.

నేలంతా తడి. అప్పుడే తుడిచినట్టున్నారు. హెచ్చరిక బోర్డు మాత్రం ఎక్కడా లేదు.

మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి, నాలుగు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు.

పొలాలూ గుట్టలూ ఎక్కిదిగి కొలతలు వేసే మనిషి ఆమె. పద్దెనిమిదేళ్ల సర్వీసు తర్వాత ప్రమోషన్ వచ్చింది. పది గంటల ప్రయాణం దూరంలో, ఒకటో తారీఖున చేరాలి. ఆమె పడింది ఇరవై నాలుగున. ఆ కుర్చీలో ఆమె జూనియర్ కూర్చున్నాడు.

ఆ కబురు విన్న రోజు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"పోనీలేవోయ్, ప్రాణం దక్కింది. ఇంటిపట్టున ఉండు, నేను చూసుకుంటాగా" అన్నాడు భర్త.

అన్నట్టే చూసుకున్నాడు. వండి పెట్టాడు. కాలికి కాపడం పెట్టాడు. జడ కూడా అతనే వేసేవాడు. "బావగారూ, ఇది జడా, మోకుతాడా?" అని ఆమె చెల్లెలు ఏడిపించేది.

ఆ చెల్లెలు లాయరు. షాపు మేనేజరు పండ్లబుట్టతో వచ్చి, "ఆసుపత్రి ఖర్చులు మావే మేడమ్, ఇక్కడో చిన్న సంతకం" అని కాగితం చాపినప్పుడు దాన్ని మధ్యలోనే అందుకుంది.

"సంతకం పెట్టావంటే కోర్టుకెళ్లే హక్కు పోయినట్టే అక్కా. డాక్టరు రిపోర్టు, ఆ రోజు వేసుకున్న చెప్పులు, అన్నీ దాచు. కెమెరా రికార్డింగు చెరపకుండా ఇవాళే నోటీసు పంపిస్తా."

"ఆ వరుసలో కెమెరా చెడిపోయి నెలయింది మేడమ్" అన్నాడు మేనేజరు. "అయినా బోర్డు పెట్టానని మా క్లీనర్ చెబుతోంది. ఎవరో జరిపి ఉంటారు."

"బోర్డుకి కాళ్లొచ్చాయా?" అంది సర్వేయరమ్మ.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. పడినందుకు కాదు, ఆ అబద్ధానికి. ఆ క్లీనర్ ఆమెకు ఎనిమిదేళ్లుగా తెలుసు. ఎప్పుడు వెళ్లినా "అక్కా" అంటూ ఎదురొచ్చేది. దాని కూతురి హాస్టల్ దరఖాస్తు తనే నింపింది. సీటొచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తనే తిరిగింది. చివరికి పాముకు పాలు పోసినట్టయింది.

నోటీసు అందగానే షాపు మాట మార్చింది. తప్పంతా క్లీనర్‌దేనని తేల్చి ఉద్యోగం పీకేసింది.

"పనివాళ్ల తప్పుకి యజమానే జవాబు చెప్పాలి. అలా చేతులు దులుపుకుంటే కుదరదు" అంది చెల్లెలు.

మర్నాడే క్లీనర్ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బోర్డు పెట్టానక్కా. నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద కూడా ఒట్టేస్తున్నావా? దాన్ని చదివించింది ఎవరే?"

"మీరే అక్కా. అందుకే మీరు నమ్మకపోతే ఎవరు నమ్ముతారని వచ్చాను."

"నా కాలు చూడు. నా ఉద్యోగం చూడు. ఇంకా నిన్ను నమ్మాలా? వెళ్లు!"

క్లీనర్ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. భర్త గేటు దాకా సాగనంపి వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు.

"కేసు వదిలెయ్యరాదూ? పాపం, బతకలేని మనిషి. మనకేం తక్కువైంది?"

"మీకు లోకంలో అందరూ మంచివాళ్లే" అంది విసుగ్గా. "డబ్బు కోసం కాదండీ. నమ్మినవాళ్లే ఇంత పని చేస్తే ఊరుకోమంటారా?"

అతను లేచి కాపడానికి నీళ్లు పెట్టాడు.

నాలుగో వాయిదాకి క్లీనర్ బోనెక్కింది. మనిషి సగమైపోయింది. బోర్డు పెట్టానన్న పాత మాటే చెప్పింది. సర్వేయరమ్మ పెదవి విరిచింది.

అప్పుడు చెల్లెలు లేచింది. ఆ షాపులోనే ఒక మూల మందుల కౌంటర్ ఉంది. దాన్ని వేరే వాళ్లు నడుపుతున్నారు. వాళ్ల కెమెరాలో సబ్బుల వరుస కూడా పడుతుందని ఆమె కనిపెట్టి, తెప్పించమని కోర్టును కోరింది. వాళ్లు ఆ ఉదయమే రికార్డింగు నేరుగా జడ్జిగారికి అందజేశారు. ఇంకా ఎవరూ చూడలేదు. సాక్షుల ముందే వెయ్యమన్నారు జడ్జిగారు.

"ఇవాళ్టితో దాని బండారం బయటపడుతుంది" అని భర్త చెవిలో గుసగుసగా అంది సర్వేయరమ్మ. అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తెర వెలిగింది. క్లీనర్ బకెట్టుతో వచ్చింది. వంగి నేల తుడిచింది. వెళ్లి బోర్డు తెచ్చి, సరిగ్గా తడి మధ్యలో నిలబెట్టింది. బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

సర్వేయరమ్మ భర్త చెయ్యి వదిలి ముందుకు వంగింది.

రెండు నిమిషాల తర్వాత ఆ ఖాళీ వరుసలోకి వచ్చి, ముందూ వెనకా చూసి, బోర్డును మడిచి కాలితో అర కిందికి తోసేసి, ఆ తర్వాత మలుపు వైపు తిరిగి చెయ్యూపి పిలిచినవాడు ఆమె భర్త.