ముట్టొద్దన్న మచ్చ

ఆ రాత్రి ఆదోనిలో నా పాలిష్ అంగడిలో ఉన్నవి రెండు గరుకు కాగితాలు, అర సీసా పాలిష్, పద్మాబాయమ్మ ఇచ్చిపోయిన పాత చెక్క రేడియో పెట్టె.

"అంతా కొత్తగా చెయ్యప్పా. పైన మచ్చ మాత్రం ముట్టొద్దు. వార్తలు వింటా మా ఆయన రోజూ చెయ్యి పెట్టిన చోటది. ఆయనది నాకు మిగిలింది అదొక్కటే," అనింది.

అలవాటు కొద్దీ దాన్ని కూడా గీకేశాను.

తెల్లారితే ఆమె వస్తుంది. తలుపు మూసి, అలాంటి మచ్చే పడాలని అదే చోట తడి పాలిష్ మీద నా అరచేయి అదిమి, వంద లెక్కపెట్టసాగాను. నలభై దగ్గర నా చేతిమీద ఇంకో చెయ్యి బరువు తెలిసింది. వంద దాకా వదల్లేదు.

పొద్దున ఆమె మచ్చను తడిమింది. "మాట నిలబెట్టినావప్పా. ముట్టనే లేదు."

నాకు మిగిలింది చేతి వెనక ఐదు వేళ్ల నల్లటి అచ్చు. రెండు గరుకు కాగితాలూ అరిగిపోయాయి. అది పోలేదు.