పది మాటలు

వేల్స్‌లో మా రగ్బీ క్లబ్బు డాక్టరు ఎమ్లిన్, సీజన్ మొదలయ్యే ముందు ఒక్కొక్కరికీ పది మాటలు చదివి, తిరిగి చెప్పమంటాడు. ఎన్ని చెబితే అదే మన లెక్క. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెడతాడు. ఆ లెక్కకు తగ్గామా, మైదానం బయటే.

అందుకే మేం ముందుగానే మతిమరుపు నటిస్తాం. పదీ గుర్తున్నా నేను నాలుగే చెప్పేవాణ్ణి. పద్నాలుగు సీజన్లు అలాగే నెట్టుకొచ్చాను.

ఈ ఏడు మాత్రం నిజం చెబుతానని మా ఆవిడకు మాటిచ్చాను.

"గొడుగు, వెన్న, బొగ్గు, గుర్రం, కిటికీ..." ఎమ్లిన్ పదీ చదివాడు. "కానీయ్ ఇడ్రిస్, మొదలెట్టు నీ నాటకం."

కళ్ళు మూసుకున్నాను. గొడుగు. వెన్న. బొగ్గు. చాలాసేపటికి కిటికీ దొరికింది. ఆ తర్వాత ఎంత వెతికినా ఒక్కటీ రాలేదు.

"నాలుగు!" ఎమ్లిన్ తొడ చరుచుకుని నవ్వాడు. "ఏటా అదే నాలుగు. మొహమాటానికైనా ఒకసారి ఐదు చెప్పరా, దొంగవెధవా! పో, శనివారం ఆ పక్క లోయ జట్టు వాళ్ళ పక్కటెముకలు విరగ్గొట్టి రా."

"నాటకం కాదు డాక్టర్. మా ఆవిడ మీద ఒట్టు. ఇన్నేళ్ళలో మొదటిసారి నిజంగా ప్రయత్నించాను."

ఎమ్లిన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

"పోయినేడూ అచ్చం ఇదే మాట చెప్పి, ఆవిడ మీదే ఒట్టేశావు కదరా!"